పొన్నలంక బస్సు

వశిష్ఠ విశ్రాంతి నగర్,
సిద్ధాంతం దగ్గర.
జూన్ 9

చి.సౌ. నీలవేణికి,

మీ వదిన శ్యామలాంబ ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు మీ అన్నయ్య సంగతి అడిగితే నేను ఆవకాయ సంగతి చెప్పానట. పక్కింటి నాగశ్రీ గారు చెప్పి నవ్వారు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపిన చెవి ఇది. రిటైరయ్యాక అదీ రిటైరైపోయింది. మెషిన్ పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు బాగా వినపడుతోంది, మనుషులే వినపడటం లేదు. అందుకని ఉత్తరాలే రాసుకుందాం. నా చేతిరాత నీకు చిన్నప్పట్నుంచీ అలవాటే కదా.

మీ అన్నయ్య అలాగే ఉన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట ముద్దగా వస్తుంది. బ్యాంకు మేనేజరుగా అందర్నీ అదలించిన మనిషి ఇప్పుడు మంచినీళ్ళు కావాలంటే నా కొంగు పట్టుకుని లాగుతారు. మూడు పూటలా పక్కకి తిప్పి పడుకోబెట్టకపోతే వీపు పుండు పడుతుందని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఆయన బరువు నీకు తెలుసు. నా మోకాళ్ళ సంగతీ తెలుసు. తిప్పేది చిన్నమ్మాయి. పేరు చిన్నమ్మాయే గానీ మనిషి బలంగా ఉంటుంది, ఒక్క ఊపులో తిప్పేస్తుంది. ఆ పిల్ల వస్తే మా ఇల్లు నడుస్తుంది, రాకపోతే ఆగిపోతుంది.

రిటైరైనవాళ్ళ కోసం కట్టిన ఈ కాలనీకి పనివాళ్ళందరూ వెనకున్న పొన్నలంక నుంచే వస్తారు. వీళ్ళ పద్ధతి నువ్వు విని ఉండవు. వీళ్ళంతా ఒకప్పుడు పొలాల్లో వరి ఊడ్పులు ఊడ్చిన ముఠా. వెంకటదుర్గ అని వాళ్ళ మేస్త్రి. పొలాలు పోయి ఇక్కడ మా విల్లాలు లేచాక, ముఠా ముఠాగానే మా ఇళ్ళల్లోకి వచ్చేశారు. ఎవరు ఏ ఇంట్లో చెయ్యాలో దుర్గే చెబుతుంది. ఒక్కదానితో విడిగా బేరం పెట్టడానికి లేదు. వచ్చిన కూలీ అంతా ఒకచోట పోసి సమంగా పంచుకుంటారు. పండక్కి ఎవరైనా చేతిలో పెట్టిన ఇనామైనా సరే, అందులో పడాల్సిందే.

మా వైపు పద్ధతి ఇంకోటి. అసోసియేషన్ ప్రెసిడెంటు ఆంజనేయరాజు గారు ఇక్కడికి రాకముందు పెద్ద రైతు. ఏటా ఊళ్ళో రైతులంతా కూర్చుని ఊడ్పుల కూలీ తేల్చినట్టే, ఇక్కడా మీటింగు పెట్టి ఇంటికి నెలకింత అని తీర్మానం చేశారు. అంతకన్నా రూపాయి ఎక్కువిచ్చినవాళ్ళ పేరు నోటీసు బోర్డులో పెడతారు. రెండేళ్ళ కిందటి రేటు అది. పోయిన నెల నలుగురు ఆడవాళ్ళు మానేశారు. అటు వీధి ఇళ్ళకి మనిషే లేదు. రేపు చిన్నమ్మాయి కూడా మానేస్తే నా గతేమిటో నాకు తెలియదు.

మీ భీమవరం వైపు ఇంట్లో ఉండి చేసే మనిషి ఎవరైనా ఉంటే చూడు. మీ ఆయన గణేష్‌బాబు రొయ్యల ఫ్యాక్టరీలో అంతమంది ఆడవాళ్ళున్నారు కదా, అడిగి చూడు. గణేష్‌బాబుకి ఆశీస్సులు.

మీ వదిన,
శ్యామలాంబ

*

భీమవరం,
జూన్ 20

పూజ్యురాలైన వదినకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఆయనకి కూడా చదివి వినిపించాను. ‘మీ వదిన రాస్తే రేడియో విన్నట్టుంటుంది’ అన్నారు. మెచ్చుకున్నారో వేళాకోళం చేశారో నువ్వే తేల్చుకో.

మనిషి విషయం అడిగావు. వదినా, ఇక్కడ మనిషి దొరికితే ముందు మేమే లాక్కుంటాం. రొయ్యల పట్టుబళ్ళు మొదలయ్యాయి. లారీ దిగిన సరుకు తలలు తీసి, పొట్టు ఒలిచి, సాయంత్రానికి ఐసులోకి వెళ్ళిపోవాలి. ఒక్క పూట ఆలస్యమైతే కొనేవాడు వెనక్కి తిప్పేస్తాడు. ఒడిశా నుంచి ఆడవాళ్ళని తెస్తే రెండు నెలలుండి వెళ్ళిపోతున్నారు. ఈయనకి రాత్రిళ్ళు నిద్ర లేదు. కొత్త ఊళ్ళకి బస్సులు తిప్పుతున్నారు. నాకు ఆ లెక్కలు పట్టవనుకో. వాసనకి కడుపులో తిప్పుతుందని నేను ఆ షెడ్డు లోపలికి ఇంతవరకూ వెళ్ళింది లేదు. ఆఫీసు గదిలో పూజ చేసుకుని వచ్చేస్తాను.

నా సలహా ఒకటి విను. ముఠా గిఠా అని చూడకు. నీకు కావలసింది ఒక్క మనిషి. దాని చేతిలో గుట్టుగా ఎంతో కొంత పెడుతూ ఉండు. నీ తీర్మానాలు నోటీసు బోర్డు మీద ఉండనీ. మా అన్నయ్యని తిప్పే చెయ్యి నిలబడటం ముఖ్యం.

ఎండు రొయ్యల పొడి, కాస్త ఆవకాయ పంపుతున్నాను. నేనే వచ్చేదాన్ని, ఈ సీజన్లో ఇల్లు కదలడానికి లేదు. అన్నయ్యకి నా పేరు చెప్పు.

నీలవేణి

*

విశ్రాంతి నగర్,
జూలై 14

నీలవేణికి,

నీ ఆవకాయ అందింది. నీ సలహా మాత్రం నువ్వు పంపేసరికే నా దగ్గర పాతబడిపోయింది. పోయిన ఉత్తరంలో నీకు రాయలేదు. చిన్నమ్మాయికి నేను ఉగాది నుంచే విడిగా ఇస్తున్నాను. దాని టిఫిన్ గిన్నె అడుగున పెట్టి పైన ఉప్మా వేసేదాన్ని. నీకైనా చెప్పకపోవడం ఎందుకంటే, నువ్వు గణేష్‌బాబుకి చెబుతావు, ఆయనా ఆంజనేయరాజు గారూ పెళ్ళిళ్ళలో కలుస్తారు. చూశావా, రూపాయి ఎక్కువిచ్చినందుకు దొంగలా దాక్కోవలసి వచ్చింది.

అది బయటపడింది. గిన్నె కడుగుతుంటే ఎవరో చూశారట. మర్నాడు పొద్దున్నే వెంకటదుర్గ మా వరండాలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గట్టిగా మాట్లాడింది, నాకు వినపడాలని.

‘ఎక్కువిచ్చినందుకు కోపం లేదండి. ఇవ్వాలనుకుంటే అందరికీ ఇవ్వాలండి. లేపోతే నాకు చెప్పి ఇవ్వాలండి. మీరు మా ముఠాలో ఒకదాన్ని దొంగని చేసేరు.’

నేను మా ఆయన్ని చూపించాను. మనిషి కదలలేడు, ఏం చెయ్యమంటావన్నాను. ఆవిడ చాలాసేపు ఆయన వంక చూసింది. ‘అయ్యగారి సంగతి నాకు తెల్దా అండి. మరి మీ తీర్మానం రాసినప్పుడు మీకు తెలీలేదాండి?’ అంది. ఆ మీటింగులో నేనూ చెయ్యెత్తాను నీలా. అందరూ ఎత్తితే ఎత్తాను.

ఆ మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. ఒక్క మా ఇంటికి కాదు, మొత్తం కాలనీకి. చిన్నమ్మాయి కూడా రాలేదు. తనని ముఠాలోంచి తీసెయ్యలేదట, తప్పు ఒప్పుకుంటే ఉంచుకున్నారట. ఇటు అసోసియేషన్ వాళ్ళు నా పేరు నోటీసు బోర్డులో పెట్టారు. ఎనభై ఏళ్ళ కల్నల్ గారు చీపురు పట్టుకుని రోడ్డు ఊడుస్తున్నారు. మా నాగశ్రీ గారు అంట్లు తోముతూ జారిపడి మణికట్టుకి కట్టు కట్టించుకున్నారు. అందరూ నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. ముప్పొద్దులా మాట్లాడేవాళ్ళు మాట్లాడకపోతే నాకు పెద్ద తేడా తెలియదులే, చెవి అలాంటిది.

మీ అన్నయ్యని నేనే తిప్పుతున్నాను. కింద దుప్పటి వేసి, దాన్ని పట్టుకుని లాగుతున్నాను. సగం తిరుగుతారు, మళ్ళీ వెనక్కి పడిపోతారు. ఆయనకి సిగ్గు, నాకు ఏడుపు. నిన్న చూస్తే నడుము కింద చర్మం ఎర్రబడింది. డాక్టరు వచ్చి, మనిషి దొరక్కపోతే రాజమండ్రిలో మంచాన పడ్డవాళ్ళని చూసే హోముకి పంపించండి, భార్యల్ని అక్కడ ఉండనివ్వరు అన్నాడు. నలభై నాలుగేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం. ఆయన ముద్ద మాట నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. అక్కడ ఆయన మంచినీళ్ళు ఎవర్ని అడుగుతారు?

శ్యామలాంబ

*

భీమవరం,
జూలై 22

వదినా,

ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. అన్నయ్యని హోముకి పంపకు. కావాలంటే ఇక్కడికి తీసుకొచ్చెయ్యి. మా ఇంట్లో కింద గది లేదు, మెట్లెక్కించాలి, అదొక్కటే ఇబ్బంది.

ఆ దుర్గ సంగతి పట్టించుకోకు. ఇంట్లో కూర్చుంటే వాళ్ళకి మాత్రం ఎలా గడుస్తుంది? ఎక్కడో పని చూసుకునే ఉంటారు. ఎక్కడని అడిగితే నాకేం తెలుస్తుంది. ఈ రోజుల్లో పని చేసే చేతికి గిరాకీ ఎక్కువ.

ఇక్కడ ఊపిరి సలపనంత పని. ఈ వారం ఎక్స్‌పోర్టు కంటైనర్లు వెళ్ళాలి. మళ్ళీ రాస్తాను.

నీలవేణి

*

విశ్రాంతి నగర్,
ఆగస్టు 6

నీలవేణీ,

నీ ఉత్తరం ఇంత చిన్నగా ఎందుకుందా అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, చదువు.

మొదట మీటింగు గురించి. ఆదివారం ఆంజనేయరాజు గారు నా మీద విచారణ పెట్టారు. నేను లేచి, ఇచ్చాను, మనిషి దొరికితే రేపూ ఇస్తాను అన్నాను. అప్పుడు నాగశ్రీ గారు కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, ‘నేనూ ఇచ్చానండి’ అన్నారు. కల్నల్ గారు మిలిటరీ క్యాంటీన్ నూనె డబ్బాలు ఇచ్చారట. ఒకరు స్కూలు ఫీజు కట్టారు, ఒకరు పాత ఫ్రిజ్ ఇచ్చారు. చివరికి ఆంజనేయరాజు గారి భార్య మంజుష గారు లేచి, ‘మా ఇంట్లో చేసే సత్తెమ్మకి బియ్యం పంపిస్తున్నానండి, ఈయనకి తెలీదు’ అన్నారు. ప్రెసిడెంటు గారి మొహం చూడవలసిందే.

అంటే ఏమైందో తెలిసిందా? తీర్మానానికి అందరం చెయ్యెత్తాం, ఇంటికెళ్ళి ఎవరికి వాళ్ళం మా మనిషిని మేం గుట్టుగా కొనుక్కున్నాం. ఆ ఇచ్చిందంతా ఒకచోట పోస్తే అందరికీ మంచి జీతమే అయ్యేది. ముఠాలో అందరూ ఏదో ఒకటి పుచ్చుకున్నారు, అందరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు. ఎవరూ ఏమీ ఇవ్వనిది ఒక్క దుర్గకే, ఆవిడంటే అందరికీ భయం కనక. అంతమందీ కలిసి ఆవిడ ఒక్కదాన్నే వెర్రిదాన్ని చేశారు. ఆవిడ కోపం నాకు ఆ రోజు అర్థమైంది.

మర్నాడు తెల్లారగట్ల, క్షమాపణ చెబుదామని పొన్నలంక వైపు నడిచాను. కాలవ తూము దగ్గర ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు, చేతుల్లో క్యారేజీలు. బస్సు వచ్చి ఆగింది. దుర్గ ముందెక్కింది. చిన్నమ్మాయి నన్ను చూసి తల దించుకుంది. బస్సు కదిలి వెళ్ళిపోతుంటే దాని వెనకాల పెద్ద అక్షరాలతో నీ పేరు చదివాను. నీలవేణి మెరైన్ ఎక్స్‌పోర్ట్స్, భీమవరం. మీ ఆయన ఫ్యాక్టరీకి నీ పేరు పెట్టుకున్నాడని ఆ రోజుల్లో మురిసిపోయి ఊరంతా చెప్పుకున్నది నేనే.

తూము దగ్గర టీ కొట్టతన్ని అడిగాను. మే నెల నుంచీ వస్తోందట. మొదట నలుగురే ఎక్కేవారట. నేను జూన్లో మనిషి కావాలని నిన్ను బతిమాలేటప్పటికే నీ బస్సు మా గుమ్మం వెనక తిరుగుతోంది. నువ్వు నాకు ఎండు రొయ్యల పొడి పంపావు.

నీకు తెలియదని రాయకు. తెలియదంటే నమ్ముతాను, ఆ నమ్మడం నాకిష్టం లేదు.

మీ అన్నయ్యకి ఎర్రబడ్డచోట పుండు పడింది. అరచెయ్యంత ఉంది. రోజూ కట్టు మారుస్తున్నాను. ఇవాళ ఆయన ‘నీలా’ అన్నారు. నువ్వు రాలేదేమని అడుగుతున్నారు. ఏం చెప్పాలో నువ్వే రాయి.

శ్యామలాంబ

*

భీమవరం,
ఆగస్టు 15

వదినా,

తెలుసు. తెలియదని రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను, చేతకాలేదు.

తెలియడం కాదు, ఆ ఊరి పేరు చెప్పింది నేనే. మీ గృహప్రవేశానికి వచ్చినప్పుడు చూశాను కదా, వంద విస్తళ్ళు ఎత్తి, గిన్నెలు కడిగి, చీకటి పడకుండా ఇల్లు అద్దంలా చేసేశారు. ఎంతిస్తున్నారని నిన్నడిగితే నువ్వు చెప్పావు. ఇంత తక్కువకా అనుకున్నాను. ఈయన మనుషులు లేక తల పట్టుకుంటే, ‘సిద్ధాంతం దగ్గర పొన్నలంక అని ఉంది, బస్సు పంపి చూడండి, వస్తారు’ అన్నాను. నలుగురో ఐదుగురో వస్తారనుకున్నాను. మా అన్నయ్య దగ్గరి మనిషే వచ్చేస్తుందని అనుకోలేదు. అంత దూరం ఆలోచించలేదంటే అబద్ధం. ఆలోచించి, అయినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

అయితే ఒక మాట చెప్పనీ. నేను చేసినది నీకు చెప్పకపోవడం తప్పు. బస్సు పంపడం తప్పని మాత్రం ఒప్పుకోను. మేం మీకన్నా ఎక్కువిస్తున్నాం, శనివారం శనివారం చేతిలో పెడుతున్నాం. మీ అరవై ఇళ్ళవాళ్ళూ పెన్షన్లు పుచ్చుకుంటూ, వెనక ఊరి ఆడవాళ్ళు ఎప్పటికీ పాత రేటుకి దొరుకుతారనుకున్నారు. వాళ్ళకి ఇంకో దారి లేనంత కాలం దొరికారు. ఆ దారి నా పేరుతో వచ్చింది, అంతే. కోపం వస్తే రానీ, నువ్వు ఉన్నదున్నట్టు రాశావు, నేనూ అలాగే రాస్తున్నాను.

ఇంత రాసినా నిద్ర పట్టడం లేదు. అన్నయ్య నా పేరు పిలిచాడని రాశావు. అది చదివి ఈయనతో పోట్లాడాను. చివరికి ఒప్పుకున్నారు. నీ జవాబు అందాక వచ్చే సోమవారం నుంచి పొన్నలంకకి బస్సు రాదు. సరుకు పోతే పోనీ అన్నాను. బస్సు లేకపోతే వాళ్ళు మళ్ళీ మీ దగ్గరికే వస్తారు. అన్నయ్యని తిప్పుతారు. నువ్వు సరేనని ఒక్క ముక్క రాయి చాలు.

నీలవేణి

*

విశ్రాంతి నగర్,
ఆగస్టు 24

నీలవేణికి,

నీ ఉత్తరం అందగానే సరే అని కార్డు రాశాను. నిజం. తపాలా పెట్టె దాకా వెళ్ళి నిలబడ్డాను. ఇంతకీ నువ్వు తిట్టినవన్నీ న్యాయంగానే ఉన్నాయి, అందుకే ఒళ్ళు మండింది. అయినా కార్డు వెయ్యడానికే వెళ్ళాను. ఆయన పుండు చూసినదాన్ని, నాకు న్యాయంతో ఏం పని?

వేసేముందు దుర్గకి చెప్పాలనిపించింది. మళ్ళీ తమ వెనకాల ఏదో జరిగిందని వాళ్ళు అనుకోకుండా. సాయంత్రం బస్సు దిగేవేళకి వెళ్ళి వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నాను. చిన్నమ్మాయి కూడా అక్కడే ఉంది. విషయం చెప్పాను. సోమవారం నుంచి బస్సు రాదు, మీరు మా దగ్గరికి వచ్చెయ్యచ్చు అన్నాను. వాళ్ళు సంతోషిస్తారని నేను ఎలా అనుకున్నానో!

దుర్గ అంది: ‘ఆపేత్తే ఇంకో కంపెనీ బస్సు వత్తాదండి. రాపోతే పక్కూళ్ళల్లో ఊడ్పులున్నాయండి. బస్సు ఆపించి మమ్మల్ని తెచ్చుకుంటే మాత్రం మీ గేటు తొక్కం.’

అందరికీ ఫ్యాక్టరీతో సమానంగా, బాహాటంగా ఇస్తే వస్తారా అన్నాను. ఆ మాట మీటింగులో పెట్టి ఒప్పించే పూచీ నాది అన్నాను. ఆవిడ అంది: ‘వత్తామండి. ఇప్పుడు కాదు. ఈ రొయ్యల పంట అయ్యేదాకా చేత్తామని కంపెనీకి మాటిచ్చేం. ముఠా మాట మధ్యలో తిరగదండి. కార్తీకం వెళ్ళేక వత్తాం.’

అప్పటిదాకా సాయంత్రాలు ఒక్క చిన్నమ్మాయిని పంపు, ఒక్కసారి తిప్పి వెళ్ళిపోతుంది, ఇచ్చేది నీ చేతికే ఇస్తాను అన్నాను. బతిమాలాననే అనుకో. దుర్గ కన్నా ముందు చిన్నమ్మాయే తన చేతులు చాపి నా ఒళ్ళో పెట్టింది. వేళ్ళు తెల్లగా ఉబ్బి, చివర్లు ఒలిచినట్టున్నాయి. చల్లగా ఉన్నాయి, ఆ ఎండాకాలంలాంటి సాయంత్రంలో కూడా. ‘పొద్దంతా ఐసులో పెడితే రాత్రిదాకా పట్టు రాదండి. గ్లాసు కూడా జారిపోద్దండి. అయ్యగార్ని తిప్పబోయి వదిలేత్తే ఎలాగండి?’ అంది. ఆ పిల్లకి రావాలనే ఉంది నీలా. చేతులే లేవు.

ఆ చేతులు మన ఇద్దరి మధ్యా ఉన్నాయి. పొద్దున్న నీ ఐసు, సాయంత్రం నా మంచం.

కార్డు చింపేశాను. బస్సు ఆపకు. మీటింగులో గొడవ గొడవగా తీర్మానం మార్చాం. సగంమంది లేచి వెళ్ళిపోయారు, ఆంజనేయరాజు గారు రాజీనామా చేశారు. కార్తీకం తర్వాత కొత్త జీతానికి వాళ్ళని పెట్టుకునే ఇళ్ళు ముప్పైకి మించవు. అది తర్వాతి మాట.

ఇప్పుడు కార్తీకం దాకా మీ అన్నయ్యని తిప్పడానికి ఒక మనిషి కావాలి. నీ బస్సు ప్రతి పొద్దున్నా భీమవరం నుంచి మా తూము దాకా ఖాళీగా వస్తోంది. అందులో ఎక్కి రా. జీతమేమీ లేదు, భోజనం పెడతాను.

శ్యామలాంబ

*

భీమవరం,
సెప్టెంబరు 28

వదినా,

క్షేమంగా చేరాను. ఇన్నాళ్ళు నీ పక్కనే ఉండి, గట్టిగా అరిచి నీతో మాట్లాడి, ఇప్పుడు మళ్ళీ కాగితం మీద నెమ్మదిగా మాట్లాడటం వింతగా ఉంది.

అన్నయ్య పుండు అంచులు మూసుకుంటున్నాయని నిన్న డాక్టరు చెప్పినప్పుడు నువ్వు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చావు. నేను చూశాను, చూడనట్టు ఉన్నాను. మొదటిరోజు నేను తిప్పబోతే అన్నయ్య నా చెయ్యి తోసేశాడు, అది నీకు చెప్పలేదు. చెల్లెలి చేత చేయించుకోవడం ఇష్టం లేక. నాలుగో రోజుకి ఒప్పుకున్నాడు. వారం తిరిగాక నడుం కింద చెయ్యి పెట్టగానే తన మంచి చేత్తో మంచం పట్టె పట్టుకుని తనే కాస్త తిరగడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు కాలవలో నాకు ఈత నేర్పిన చెయ్యి అది.

నా నడుము పట్టేసింది. అది నిజం. ఇంట్లో పనులున్నాయి, ఈయన వారంగా ఫోన్లు చేస్తున్నారు, అదీ నిజం. కాస్త తగ్గాక వస్తానని నీకు చెప్పి బయల్దేరాను. ఎప్పుడని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

పొద్దున్న తూము దగ్గర బస్సు ఎక్కాను. నీ నేత చీరే కట్టుకున్నాను, జుట్టు ముడి. దుర్గ ముందు సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంది, చూడలేదు. చిన్నమ్మాయి ఇవాళ రాలేదు. మిగతావాళ్ళకి నేనెవరో తెలియదు. తెలియడానికి నేనెప్పుడైనా షెడ్డులోకి వెళ్ళానా? నా పక్కన ఒక చిన్నపిల్ల కూర్చుంది, ఇరవై ఉంటాయేమో, ముఠాలోకి కొత్తగా వచ్చినట్టుంది. నా బట్టల్లోంచి వచ్చే డెట్టాల్ వాసన చూసి పలకరించింది.

‘కాలనీలో చేసేరాండి?’

అవునన్నాను.

‘ఎవరింట్లోనండి?’

జగన్నాథరావు గారింట్లో, పక్షవాతం వచ్చినాయన అన్నాను.

‘ఎంతిచ్చేవోరండి?’

ఏమీ ఇవ్వరు, భోజనం పెడతారు అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచింది. ‘అయ్యో, మరి మానేసి మంచి పని చేసేరండి. మా కంపెనీలో ఎక్కువిత్తారు. దిగేక నాతో రండి, సూపర్‌వైజరుకి చెబుతాను’ అంది. నాకు నవ్వొచ్చింది. జీతం కోసం కాదమ్మా, ఆయన మా అన్నయ్య అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా వంక అదోలా చూసింది.

‘అన్నయ్యేనాండి? మరెందుకు మానేసేరండి?’

బస్సు భీమవరం చేరేదాకా ఆ పిల్ల సమాధానం కోసం చూస్తూనే ఉంది. నడుము నొప్పి అందామనుకున్నాను. చుట్టూ కూర్చున్నవాళ్ళ ఐసుకి ఉబ్బిన చేతులు చూసి అనలేకపోయాను.

ఈయనకి చెప్పేశాను. పంట అయ్యేదాకా నేను ఇంట్లో ఉండను. సోమవారం బస్సుకి వస్తున్నాను. మంచం నా ఎత్తుకి కాస్త పైకి లేపించు, కాళ్ళ కింద ఇటికలు పెడితే చాలు.

నీలవేణి